ఒక్క షాట్ పాడైతే ఆట మొత్తం ఎందుకు పోతుంది? గోల్ఫ్‌లో కోపం, ఏకాగ్రత గురించి

ఒంగోలు నుంచి ప్రశ్న అడిగిన మిత్రుడికి నమస్కారం.

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్లకు కూడా అర్థమవుతుంది. మీకు నలభై ఒక్క ఏళ్లు, రొయ్యల చెరువులు, మేత వ్యాపారం. మూడేళ్లుగా నెలకు రెండు శనివారాలు చెన్నై వెళ్లి గోల్ఫ్ ఆడుతున్నారు. హ్యాండిక్యాప్ 22, అంటే మంచి ఆటగాడికి పట్టే దెబ్బల కంటే మీకు సుమారు ఇరవై రెండు ఎక్కువ పడతాయి. ప్రాక్టీస్ రేంజ్‌లో బంతి చక్కగా పోతుంది. కోర్సు మీదకు వచ్చాక ఒక్క షాట్ పాడైతే చాలు, ఒళ్లు మండిపోయి తర్వాతి మూడు నాలుగు హోల్స్ (బంతిని చేర్చాల్సిన గుంటలు, ఆటకు పద్దెనిమిది) చేజారిపోతున్నాయి. పోయిన నెల తొమ్మిదో హోల్‌లో ఐరన్ (ఇనుప తల ఉన్న గోల్ఫ్ కర్ర) విసిరేశారు. వెంట ఉన్నవాళ్లెవరూ మాట్లాడలేదు. "ఇది నా కోపిష్టి స్వభావమా, ఏకాగ్రత లేకపోవడమా? ఈ వయసులో మారుతుందా, ఆట మానేయమంటారా?" అని అడిగారు.

మానేయక్కర్లేదు. కోపం అసలు రాకుండా చేసుకోవాల్సిన పని కూడా లేదు. కోపం తెప్పించిన షాట్‌కీ, దాని తర్వాత కొట్టే షాట్‌కీ మధ్య మీరు చేసే పని ఒక్కటి మారాలి. ఆట సాగే నాలుగున్నర గంటలూ ఏకాగ్రతగా ఉండాలన్న ఆలోచన కూడా వదిలేయండి, అది ఎవరివల్లా కాదు. కోపమా, ఏకాగ్రత లోపమా అంటే మీ విషయంలో రెండూ ఒకటే. చేతిలో ఉన్న బంతి దగ్గర మనసు లేదు. కోపంలో అది పోయిన బంతి దగ్గరే నిలబడిపోతుంది.

నా గురించి రెండు ముక్కలు. మాది కావలి దగ్గర పల్లెటూరు. పదహారో ఏట చెన్నైలో ఒక క్లబ్బులో కేడీగా, అంటే ఆడేవాళ్ల గోల్ఫ్ కర్రల సంచి మోసేవాడిగా, చేరాను. పదేళ్లు సంచులు మోశాను, కేడీల పోటీల్లో ఆడాను, తర్వాత నేర్పడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లు దాటింది. ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నాను, వారానికి మూడు రోజులు తెల్లవారుజాము రైలుకి చెన్నై వెళ్లి వస్తాను. ఇక్కడ చెప్పేదంతా ఆ సంచి మోసిన భుజం నేర్పిందే.

కోపం చేతుల్లోకి ఎలా దిగుతుంది

కేడీగా ఉన్నప్పుడు ఆడే సాబ్ మొహం చూసే అవకాశం నాకు తక్కువ, ఆయన చేతులే ఎక్కువ కనిపించేవి. కోపం వచ్చినవాడి కుడిచేతి బొటనవేలి గోరు చూడండి, గ్రిప్ (కర్ర పట్టుకునే పిడి) మీద అది తెల్లబడి ఉంటుంది. అంత గట్టిగా బిగించాడన్నమాట. చేయి బిగిస్తే ముంజేయి బిగుస్తుంది, ముంజేయి బిగిస్తే భుజం చెవి దాకా లేస్తుంది. అలాంటి భుజంతో వెనక్కి పూర్తిగా తిరగలేం. సగమే తిరిగి, పైనుంచి క్లబ్బును, అంటే ఆ కర్రను, లాగి కొడతాం. మామూలుగా మంచి స్వింగ్‌లో క్లబ్బు వెనక్కి వెళ్లడానికి పట్టే సమయం, కిందికి రావడానికి పట్టే సమయానికి దాదాపు మూడు రెట్లు ఉంటుంది. కిందికి వచ్చేది పావు సెకను. బంతికి క్లబ్బు తగిలి ఉండేది సెకనులో రెండు వేలవ వంతు. అంత చిన్న సమయంలో చెయ్యగలిగిన దిద్దుబాటు ఏమీ లేదు. బిగిసిన మణికట్టు సమయానికి తిరగదు, క్లబ్ ముఖం (బంతికి తగిలే వైపు) తెరుచుకునే వస్తుంది, బంతి కుడివైపు చెట్లలోకి పోతుంది. దాంతో కోపం ఇంకో మెట్టు ఎక్కుతుంది.

గ్రిప్ ఎంత గట్టిగా పట్టుకోవాలని పిల్లలు అడిగితే, చంటిబిడ్డ చెయ్యి పట్టుకుని ట్రంక్ రోడ్డు దాటించేటంత అంటాను. వదలకూడదు, నలపకూడదు. మీరు బంతి ముందు నిలబడ్డాక ఒక్కసారి గోరు రంగు చూసుకోండి. తెల్లగా ఉంటే కొట్టకండి. వెనక్కి వచ్చి, ఊపిరి నెమ్మదిగా వదిలి, మళ్లీ నిలబడండి. ఊపిరి పీల్చడం మీద అందరూ శ్రద్ధ పెడతారు. భుజం దిగేది మాత్రం వదిలేటప్పుడే.

చేతులకంటే ముందు పాడయ్యేది తెలివి

చాలామంది కోపం వల్ల స్వింగ్ చెడిపోతుందని మాత్రమే అనుకుంటారు. గోల్ఫ్‌లో బంతిని కొట్టే దెబ్బే స్ట్రోకు, అవి ఎంత తక్కువైతే అంత మంచిది; నా లెక్కలో ఎక్కువ స్ట్రోకులు పోయేది అక్కడ కాదు, సంచిలోంచి ఏ క్లబ్బు తీశామన్న దగ్గర.

పేకాటలో "పోయిన చోటే వెతుక్కోవాలి" అనే మాట ఉంది చూశారా, గోల్ఫ్‌లో మనిషిని ముంచేది సరిగ్గా ఆ బుద్ధే. నా దగ్గర కోవూరు వైపు నుంచి ఒక రైస్‌మిల్లు యజమాని నేర్చుకునేవారు. పెద్దమనిషి, మాట మెత్తన. డ్రైవ్, అంటే హోల్ మొదట్లో కొట్టే దూరపు షాట్, చెట్లలోకి పోయిందంటే మాత్రం వేరే మనిషి అయిపోయేవారు. పక్కకు ఇరవై గజాలు తట్టి ఫెయిర్‌వే (నున్నగా కోసిన గడ్డి దారి) మీదకు తెచ్చుకుంటే బోగీతో (లెక్క కంటే ఒక్క స్ట్రోకు ఎక్కువతో) బయటపడే చోట, రెండు కొమ్మల సందులోంచి మూడో నంబరు వుడ్ అనే దూరం కొట్టే క్లబ్బుతో, హోల్ ఉండే గ్రీన్ మీదకే కొట్టాలని చూసేవారు. బంతి మానుకు తగిలి వెనక్కి వచ్చేది. మళ్లీ అదే క్లబ్బు. నాలుగు రావాల్సిన హోల్‌లో ఎనిమిదో తొమ్మిదో రాసుకునేవారు. ఆయన స్వింగ్‌లో నేనేం మార్చలేదు. ఒకే ఒక్క ఒప్పందం చేసుకున్నాం. షాట్ పాడైతే, తర్వాతి షాట్‌కు క్లబ్బు ఆయన తియ్యరు, కేడీ తీసి చేతికిస్తాడు, ఆయన మారు మాట్లాడకుండా దానితోనే కొడతారు. మొదటి వారం చాలా ఇబ్బంది పడ్డారు. మూడు నెలలు తిరిగేసరికి ఆయన స్కోరు కార్డులో ఎనిమిదులు, తొమ్మిదులు దాదాపు కనపడలేదు. కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. ఆ కోపం చేతికి సంచి దొరకలేదు, అంతే.

మీరు ఈ ఒక్కటి చేసినా చాలు, మీ మూడు నాలుగు హోల్స్ నష్టం ఒక హోల్‌కు దిగుతుంది.

నా సొంత తప్పు

ఇరవై మూడేళ్ల వయసులో ఒక కేడీల పోటీలో చివరి రెండు హోల్స్ మిగిలి ఉండగా ఒక స్ట్రోకు ముందున్నాను. పదిహేడో గ్రీన్ మీద నాలుగడుగుల పట్, అంటే బంతిని హోల్‌లోకి దొర్లించే దెబ్బ. బంతి హోల్ అంచు మీద తిరిగి బయటికి వచ్చింది. హోల్‌కు జానెడు దూరంలో ఆగింది. నాకు కళ్లు కనపడలేదు. నిలబడకుండా, కాళ్లు సర్దుకోకుండా, ఒంటి చేత్తో పటర్ (పట్ కొట్టే క్లబ్బు) ఆడించి లోపలికి తోసేద్దామనుకున్నాను. పటర్ అంచు ముందు గడ్డికి తగిలింది. బంతి కదిలీ కదలనట్టు రెండు అంగుళాలు జరిగింది. అది స్ట్రోకే. ఒకే గ్రీన్ మీద రెండు స్ట్రోకులు పోయాయి. చివరికి ఒక్క స్ట్రోకు తేడాతో ఓడిపోయాను.

నాయుడుపేట నుంచి వచ్చిన ఒక పెద్ద కేడీ ఉండేవాడు మా దగ్గర. సాయంత్రం సంచులు తుడుచుకుంటూ, "ఏంది అబ్బయా, జానెడు దూరంలో బంతిని కూడా నిలబడి కొట్టలేకపోతివే" అన్నాడు. తిట్టలేదు. బాధపడ్డాడు. నాలుగడుగుల పట్ తప్పడం ఎవరికైనా జరుగుతుంది, దాని గురించి నేను ఎప్పుడో మర్చిపోయాను. ఆ జానెడు పట్ మాత్రం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. అప్పటినుంచి నా శిష్యులెవరూ ఒంటి చేత్తో బంతి తొయ్యరు. అరచెయ్యంత దూరమైనా సరే, రెండు కాళ్లు సర్దుకుని, రెండు చేతులతోనే.

ఏకాగ్రత ఎంతసేపు కావాలి?

లెక్క వేద్దాం. మీ స్కోరు 95 అనుకుందాం. ఒక్క స్వింగ్‌కు సెకనున్నర పట్టినా మొత్తం కలిపి రెండున్నర నిమిషాలు కూడా కాదు. నియమాల పుస్తకం ఒక స్ట్రోకు 40 సెకన్లలో ముగించమని సూచిస్తుంది. ఆ 40 సెకన్లూ వాడుకున్నా 95 స్ట్రోకులకు సుమారు గంట. మిగతా మూడున్నర గంటలు నడకే. ఆ మూడున్నర గంటలూ పోయిన షాట్‌ను నెమరువేస్తూ నడిచేవాడు ఆ గంటకు అలిసిపోయి చేరతాడు. అందుకే నేను ఏకాగ్రతను వెలిగించి, ఆర్పడం నేర్పుతాను. బంతి దగ్గరకు పది అడుగుల్లో వెలగాలి, బంతి ఆగగానే ఆరిపోవాలి. మధ్యలో పక్కవాడితో పిల్లల చదువుల గురించి మాట్లాడండి, చెట్లు చూడండి.

మా మేనమామ కందుకూరు వైపు ఉండేవాడు. ఎడ్ల జతను బండ లాగుడు పోటీలకు తోలుకెళ్లేవాడు. ఇచ్చిన సమయంలో బండను ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. మలుపు దగ్గర ఒక్కోసారి ఒక ఎద్దు కాలు జారుతుంది. కొత్తవాడైతే వెంటనే అదిలించి చర్నాకోల ఎత్తుతాడు. ఒకటి ముందుకు, ఒకటి పక్కకు లాగి కాడి వంకరపోతుంది, బండ కదలదు. మామ అలా చేసేవాడు కాదు. జారిన ఎద్దు మూపురం మీద అరచెయ్యి ఆనించి, రెండు మెడలూ కాడి కింద సమానంగా వచ్చేదాకా ఆగేవాడు. చుట్టూ జనం అరుస్తుంటారు, సమయం పోతుంటుంది, ఆయన మాత్రం ఆగేవాడు. తర్వాత ఒక్క కేక. బండ కదిలేది. మన వైపు నుంచి వచ్చే శిష్యులకు నేను "కాడి సమం చేసుకో" అంటాను. వాళ్లకు ఇంకేమీ వివరించక్కర్లేదు.

గోల్ఫ్‌లో కాడి సమం చేసుకోవడం అంటే ఇది. బంతి వెనక నిలబడి ఎక్కడ పడాలో చూడండి. ఆ గీత మీద బంతికి రెండు మూడు అడుగుల ముందు ఒక గడ్డిపరకో ఆకో గుర్తు పెట్టుకోండి. అమెరికా గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ అంతటివాడు ఇలా దగ్గరి గుర్తు పెట్టుకునే ఆడేవాడు. ఊపిరి వదలండి. నిలబడి రెండుసార్లు లక్ష్యం వైపు చూసి కొట్టేయండి. మంచి షాట్ తర్వాతా ఇదే, చెడ్డ షాట్ తర్వాతా ఇదే, ఒకే నిడివి. కోపంగా ఉన్న రోజు ఇది కుదించుకుపోతుంది. మీ స్నేహితుణ్ణి పక్కన నిలబెట్టి ఫోన్‌లో సమయం చూడమనండి. మామూలుగా మీకు 25 సెకన్లు పడుతుంటే, చెడ్డ షాట్ తర్వాత పన్నెండు పద్నాలుగే పట్టడం మీ కళ్లతోనే చూస్తారు.

పటింగ్‌లో కళ్ల సంగతి వేరుగా చెప్పాలి. కెనడాలో జోన్ వికర్స్ అనే ఆవిడ ఆటగాళ్ల చూపు మీద చాలా కాలం పరిశోధన చేశారు. నేర్పరులు పట్ కొట్టేముందు బంతి మీద రెండు మూడు సెకన్లు చూపు కదపకుండా నిలుపుతారని, కొట్టాక కూడా ఒక క్షణం అక్కడే ఉంచుతారని తేల్చారు. నేర్చుకునేవాళ్ల చూపు బంతికీ హోల్‌కీ మధ్య గెంతుతూ ఉంటుంది. టెన్షన్‌లో ఉన్నవాడి కళ్లు కూడా అంతే. బంతి మీద ఒక గుంటను ఎంచుకుని దాన్నే చూడండి. కొట్టాక బంతి అంతకుముందు ఉన్న చోటి గడ్డిని ఒక లిప్త పాటు చూడండి.

మీ ఫోన్ గురించి

మీ ప్రశ్నలో ఒక వాక్యం మామూలుగా రాసి వదిలేశారు, నాకు అదే ముఖ్యంగా కనిపించింది. ఆట మధ్యలో చెరువు దగ్గర్నుంచి ఫోన్లు వస్తుంటాయని రాశారు. ఏరియేటర్ (చెరువు నీళ్లకు గాలి అందించే యంత్రం) ఆగిందనో, రొయ్యల కౌంట్ రేటు పడిందనో ఆరో హోల్‌లో కబురు వస్తే, ఏడో హోల్‌లో మీరు బంతిని ఎలా చూస్తారు? మీకు వచ్చే కోపంలో సగం బంతి మీద కాదేమో ఆలోచించండి. చెరువు మీద బతుకుతున్నవారికి ఫోన్ ఆపేయమని చెప్పలేను. ఆ శనివారానికి చెరువు గట్టు మీద నిర్ణయం తీసుకోగల మనిషిని పెట్టుకుని, ఫోన్ కేడీ దగ్గర ఉంచి, తొమ్మిది హోల్స్ అయ్యాక ఒకసారి చూసుకోండి. అది కుదరని రోజు స్కోరు రాసుకోకుండా ఆడండి.

గొప్పవాళ్లకూ ఇదే జరిగింది

అమెరికా ఆటగాడు బాబీ జోన్స్ 1921లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో ఓపెన్ అనే పెద్ద పోటీ ఆడుతూ, మూడో రౌండులో పదకొండో హోల్ దగ్గర విసిగిపోయి బంతి తీసేసుకుని పోటీ నుంచి తప్పుకున్నాడు. అప్పుడు 19 ఏళ్లు, కోపానికి పేరుమోసినవాడు. ఆ కోపాన్ని అదుపులోకి తెచ్చుకున్నాక అదే సెయింట్ ఆండ్రూస్‌లో 1927లో ఓపెన్ గెలిచాడు. 1930లో ఒకే ఏడాది నాలుగు పెద్ద టైటిళ్లు గెలిచాడు. మీరు వయసు అడిగారు కాబట్టి ఈ కథ చెప్పాను. స్వభావం మారిందో లేదో నేను చెప్పలేను, చేసే పని మారింది.

ఉత్తర ఐర్లండ్ ఆటగాడు రోరీ మెకిల్‌రాయ్ 2011 మాస్టర్స్ పోటీలో నాలుగు స్ట్రోకుల ఆధిక్యంతో చివరి రోజు మొదలుపెట్టి, పదో హోల్‌లో డ్రైవ్ ఎడమవైపు చెట్లలోకి పోగా ట్రిపుల్ బోగీ చేశాడు. పదకొండులో బోగీ, పన్నెండులో నాలుగు పట్లు. మీరు చెప్పిన మూడు హోల్స్ కథే అది, ప్రపంచమంతా చూస్తుండగా జరిగింది. ఆ రోజు 80 కొట్టాడు. మూడు నెలలు తిరక్కుండానే యూఎస్ ఓపెన్‌ను ఎనిమిది స్ట్రోకుల తేడాతో గెలిచాడు.

మన అదితి అశోక్‌ను చూడండి. టోక్యో ఒలింపిక్స్‌లో తనకంటే ఎంతో దూరం కొట్టేవాళ్ల మధ్య ఆడి, పటింగ్‌తో నాలుగు రోజులూ పతకం పోటీలో నిలబడి, ఒక్క స్ట్రోకుతో కాంస్యం తప్పి నాలుగో స్థానంలో ఆగింది. సంచి మోసింది వాళ్లమ్మ. ఆ అమ్మాయి ఆట వీడియోలు దొరికితే, బంతి ఎంత దూరం పోయిందో చూడకండి. షాట్ తర్వాత నడక చూడండి. మంచిదానికీ చెడ్డదానికీ ఒకే నడక.

కొన్ని జాగ్రత్తలు

నేను చెప్పింది అందరికీ ఒకేలా పనిచెయ్యదు. కొంతమందికి కాస్త వేడి ఉంటేనే ఆట వస్తుంది. అలాంటివాళ్లను చల్లబరిస్తే నిద్రపోతున్నట్టు ఆడతారు. వాళ్లకు నేను గడువు పెడతాను. షాట్ తర్వాత పది అడుగులు తిట్టుకో, గొణుక్కో, పదకొండో అడుగుకు ఆపెయ్. టైగర్ వుడ్స్ కూడా ఇలాంటి పద్ధతే పాటించేవాడంటారు.

కోపం పైకి కనపడనివాళ్లు ఇంకో రకం. ఒక పదిహేనేళ్ల అమ్మాయి నా దగ్గర నేర్చుకునేది. ఎప్పుడూ క్లబ్బు విసరలేదు, ఒక్క మాట అనలేదు. కానీ డబుల్ బోగీ వస్తే లోపల కూడికలు మొదలయ్యేవి, మిగతా హోల్స్‌లో ఎన్ని పార్లు (సరిగ్గా లెక్కకు సరిపడే స్కోర్లు) వస్తే ఎంత అవుతుందని. ఆమె చేతికి కార్డు ఇవ్వడం మానేశాం, నాన్న రాసేవాడు. ఆ కూడికలు ఆగాయి.

మంచి షాట్ కూడా ఏకాగ్రతను చెడగొడుతుంది. బర్డీ (లెక్క కంటే ఒక స్ట్రోకు తక్కువ) తర్వాత, కొత్త హోల్ మొదలుపెట్టే టీ మీద ఎంతమంది బంతిని పోగొట్టుకున్నారో నేను లెక్కపెట్టలేను. దానికీ అదే మందు, ఒకే నిడివి.

పదిసార్లు కొడితే పదిసార్లూ బంతి కుడికే పోతుంటే అది మనసు సమస్య కాదు, స్వింగ్ సమస్య. టీచర్‌కు చూపించండి. రేంజ్‌లో ఒకే క్లబ్బుతో వంద బంతులు బాదడం కూడా కోర్సు మీద పెద్దగా అక్కరకు రాదు. నలభై బంతులు చాలు. ప్రతి బంతికీ క్లబ్బు మార్చి, వెనక్కి వెళ్లి, గుర్తు పెట్టుకుని కొట్టండి.

ఇంకొకటి తేలిగ్గా తీసుకోవద్దు. పదమూడు, పద్నాలుగో హోల్ దగ్గర చిరాకు పెరుగుతుంటే ముందు ఎండ, ఆకలి చూడండి. మే నెల చెన్నై ఎండలో నీళ్లు తగ్గితే ఎవరికైనా తల పనిచెయ్యదు. షుగర్ ఉన్నవాళ్లకైతే చేతులు వణుకుతాయి, కోపం ఊరికే వస్తుంది. నేను సంచిలో ఉప్పు వేసిన మజ్జిగ, రెండు అరటిపళ్లు, వేరుశెనగ అచ్చు పెట్టుకుంటాను, ఆకలి వెయ్యకముందే తింటాను. ఇంట్లో, రోడ్డు మీద కూడా ఇదే కోపం వస్తుంటే మాత్రం డాక్టరుతో మాట్లాడండి. దాన్ని గోల్ఫ్ టీచర్ బాగుచెయ్యలేడు.

ఆ విసిరిన క్లబ్బు

నియమం ప్రకారం, కోపంతో మీరే విరగ్గొట్టిన క్లబ్బు బదులు ఆ రౌండులో ఇంకోటి తెచ్చుకోవడానికి లేదు. అది చిన్న విషయం. నేను అసలు చెప్పాలనుకున్నది వేరు.

విసిరిన క్లబ్బులు తెచ్చినవాణ్ణి నేను. పదేళ్లు. క్లబ్బు గాల్లో తిరుగుతూ పోతుంటే ముందు అది ఎవరికి తగులుతుందోనని భయం వేస్తుంది. తర్వాత అందరూ చూస్తుండగా నడిచి వెళ్లి, వంగి తీసి, మట్టి తుడిచి, మళ్లీ ఆ చేతికే ఇవ్వాలి. ఏం మాట్లాడకూడదు. చాలామంది నావైపు చూడకుండానే తీసుకునేవారు. ఒకాయన మాత్రం తర్వాతి వారం టీ దగ్గరకు రాగానే, అందరి ముందూ, "మొన్న నీతో అలా ఉండకూడదయ్యా" అన్నాడు. ఆయన బంతి ఎక్కడ పడితే ఏ క్లబ్బు కావాలో ఆ రోజు నేను ఎంత శ్రద్ధగా చూశానో నాకు తెలుసు.

తొమ్మిదో హోల్‌లో మీ ఐరన్ తెచ్చిచ్చిన అబ్బాయి ఎవరో మీకు గుర్తుండే ఉంటుంది. వచ్చే శనివారం అతన్నే అడిగి తీసుకోండి. ముందు అతనితో మాట్లాడండి, తర్వాత క్లబ్బు ఒప్పందం సంగతి చెప్పండి. షాట్ పాడైనప్పుడల్లా కార్డు వెనక ఒక గీత గీయమనండి, ఆ తర్వాతి షాట్‌కు క్లబ్బు అతను తీసి ఇస్తే గీత పక్కన ఒక చుక్క పెట్టమనండి. నాలుగు రౌండ్ల కార్డులు అయ్యాక ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.